ముప్పై మందికి రాత్రి షెల్టర్: తలుపు తీసే ముందు, తీశాక

షెల్టర్‌లో సగం మంచాలు ఖాళీగా ఉండి, రెండు వీధుల అవతల మూసిన దుకాణాల ముందు జనం పడుకుని ఉంటే, ఆ తప్పు షెల్టర్‌దే. "ఎంత పిలిచినా రారండీ" అని చేతులు దులుపుకోవడం తేలిక. కానీ రానివాళ్ళకి కారణాలున్నాయి. సంచి పోతుందని భయం. భార్యని ఒకచోట, భర్తని ఒకచోట పడుకోబెడతారని భయం. కుక్కని బయట వదిలి రమ్మంటారు. నల్లులు కుడతాయి. పక్క మంచంవాడు కొడతాడు. తెల్లవారకముందే లేపి బయటికి పంపేస్తారు. పేరు రాసుకుని ఎవరికో ఇస్తారు. ఈ భయాల జాబితానే మీ షెల్టర్‌కి ప్లాను అనుకోండి. గది కొలతల దగ్గర్నుంచి రాత్రి డ్యూటీ వరకు ప్రతిదీ ఇందులో ఏదో ఒక భయానికి జవాబు కావాలి. కింద రాసిందంతా ముప్పై మంచాల షెల్టర్ లెక్కలో రాశాం. మీది చిన్నదైనా పెద్దదైనా ఆ లెక్కను తగ్గించో పెంచో వాడుకోవచ్చు.

1. భవనం వెతికే ముందు రాత్రిళ్ళు తిరగండి

కనీసం రెండు వారాలు, ఇద్దరిద్దరుగా, రాత్రి 10 దాటాక తిరగండి. నిద్రపోతున్నవాళ్ళని లేపొద్దు. మెలకువగా ఉన్నవాళ్ళ పక్కన, నిలబడి కాకుండా కూర్చుని, మూడే మూడు ప్రశ్నలు అడగండి. నిన్న ఎక్కడ పడుకున్నారు? ఎప్పుడైనా షెల్టర్‌కి వెళ్ళారా, వెళ్తే ఎందుకు మానేశారు? ఏముంటే వస్తారు? వచ్చిన జవాబుని మీ మాటల్లోకి మార్చకుండా వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

లెక్క రాత్రి 10కి ఒకసారి, 3కి ఒకసారి తీయండి. రెండోదే అసలు లెక్క. అప్పటికి ఊరికే కూర్చున్నవాళ్ళు వెళ్ళిపోతారు, పని ముగించుకుని వచ్చినవాళ్ళు పడుకుని ఉంటారు. ఎలా లెక్కపెట్టినా ఆడవాళ్ళు తక్కువగానే కనబడతారు. వాళ్ళు నలుగురికీ కనబడేచోట పడుకోరు. ఆసుపత్రి వరండాల్లో, స్టేషన్ బెంచీల మీద, రోగి తాలూకు మనిషిలాగో ప్రయాణికురాలిలాగో కూర్చునే తెల్లవార్లూ గడుపుతారు. "ఆడవాళ్ళు లేరు కాబట్టి ఆడవాళ్ళ గది అక్కర్లేదు" అని తేల్చేస్తే, తర్వాత వాళ్ళు వచ్చే దారి మీరే మూసినట్టు.

రోడ్డు మీద ఉన్నవాళ్ళు ఒక్కరే నిరాశ్రయులు కారు. యూరప్‌లో ఈ రంగంలో పనిచేసే సంస్థల సమాఖ్య ఫియాన్‌ట్సా 2005లో తెచ్చిన ఈథోస్ వర్గీకరణలో నాలుగు తరగతులున్నాయి: పైకప్పు లేనివాళ్ళు, ఇల్లు లేక షెల్టర్లలోనో సంస్థల్లోనో ఉంటున్నవాళ్ళు, ఏ రోజు ఖాళీ చేయమంటారో తెలియని ఇంట్లో ఉన్నవాళ్ళు, మనుషులు ఉండడానికి పనికిరాని చోట ఉన్నవాళ్ళు. జైలు నుంచి, ఆసుపత్రి నుంచి బయటికొచ్చి వెళ్ళడానికి చోటు లేనివాళ్ళు రెండో తరగతిలోకి వస్తారు. ఆ రెండు చోట్ల ఒక్కో మనిషితో ముందే మాట్లాడి పెట్టుకోండి. డిశ్చార్జికి ఒక రోజు ముందు మీకు ఫోన్ వస్తే ఒక మనిషి ఫుట్‌పాత్ చేరకుండా ఆగుతాడు. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇచ్చే పని ఈ రంగంలో ఇంకొకటి లేదు.

2. చోటు, గాలి, మరుగుదొడ్డి

మానవతా సహాయంలో వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలి. ముప్పై మందికి 105 చదరపు మీటర్లు. ఇది పడక చోటు మాత్రమే. ఆఫీసు, లాకర్లు, స్నానాలు, జబ్బుపడ్డవాళ్ళని విడిగా ఉంచే గది దీనికి అదనం. ఆ విడి గది కనీసం ఒకటైనా లేని భవనం ఎంత బాగున్నా తీసుకోవద్దు. దగ్గేవాళ్ళు, గజ్జి ఉన్నవాళ్ళు, రాత్రంతా అరిచేవాళ్ళు, పసిబిడ్డతో వచ్చిన తల్లి, వీళ్ళలో ఎవరో ఒకరు ప్రతి వారం వస్తారు.

మంచానికీ మంచానికీ మధ్య 1 మీటరు వదలండి. ఒకరి తల ఉన్న వైపు పక్కవాళ్ళ కాళ్ళు వచ్చేలా మంచాలు వేస్తే ఒకరి దగ్గు ఇంకొకరి ముఖం మీద పడదు. బంకు మంచాలు చోటు మిగులుస్తాయి గానీ ఫిట్స్ వచ్చేవాళ్ళు, తాగి వచ్చినవాళ్ళు, ముసలివాళ్ళు పైన పడుకోకూడదు. ముప్పై మందిలో అలాంటివాళ్ళు ఎంతమందో లెక్కేస్తే పై మంచాలు సగం వృథా అని తేలుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నేల నుంచి 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున్న మంచాలు ఓ అరడజను ఉంచండి. పరుపు నేల మీద వేస్తే ముసలివాళ్ళు లేవలేక అక్కడే తడుపుకుంటారు, సిగ్గుతో మర్నాడు రావడం మానేస్తారు.

గాలి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి. ముప్పై మందికి 300 లీటర్లు. దీన్ని కొలిచే సులువైన దారి గోడకి కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టడం. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) చుట్టూ ఉంటుంది. హాల్లో 1000 దాటిందంటే అందరూ ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నట్టే. ఎదురెదురు గోడలకి కిటికీలు ఉంటే కొంచెం తెరిచినా గాలి ఆడుతుంది. ఒకే వైపు ఉంటే ఫ్యాను పెట్టి బయటికి లాగించాలి. చలి రాత్రి అందరూ కిటికీలు మూసేయమంటారు. అప్పుడు కిటికీ మూయకండి, ఇంకో దుప్పటి ఇవ్వండి. బొగ్గుల కుంపటి మాత్రం ఎంత చలైనా లోపలికి రానివ్వొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు.

బయటికి రెండు దారులుండాలి. రెండూ రాత్రి లోపలి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోవాలి. దొంగల భయంతో గొళ్ళేనికి తాళం వేసి చెవి వాచ్‌మన్ జేబులో పెట్టడం మామూలుగా జరిగే పనే. మంట లేచిన రాత్రి ఆ తాళమే అందరి ప్రాణం తీస్తుంది.

మరుగుదొడ్లు ఇరవై మందికి ఒకటి అనేది విపత్తుల్లో పెట్టుకునే కనీసపు లెక్క. షెల్టర్‌లో అది చాలదు, పొద్దున గంటలోపు ముప్పై మందీ వెళ్తారు. నాలుగు పెట్టండి. తలుపులు బయటికి తెరుచుకునేలా బిగించండి. లోపల మనిషి స్పృహ తప్పి తలుపుకి అడ్డం పడితే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. కింద ఒక జానెడు ఖాళీ వదిలితే కాళ్ళు కనబడతాయి. గడియ లోపల ఉండాలి, కానీ బయటి నుంచి సిబ్బంది తీయగలిగేది కావాలి. ఒక గదికి చక్రాల కుర్చీ పట్టే వెడల్పూ, పట్టుకోవడానికి కమ్మీలూ పెట్టండి.

ఆడవాళ్ళ విభాగానికి దారి మగవాళ్ళ హాలు గుండా ఉండకూడదు. స్నానాల గది కూడా అంతే. జంటలకి ఒకటి రెండు చిన్న గదులు, లేదా కనీసం తెర కట్టిన మూలలు ఉంటే, విడిపోవడం ఇష్టంలేక బయటే ఉండిపోయినవాళ్ళు లోపలికొస్తారు. ట్రాన్స్ మనుషుల్ని ఏ వైపు పడుకోవాలో మీరు తేల్చొద్దు, ఎక్కడ భయం లేకుండా నిద్రపోగలరో వాళ్ళనే అడగండి.

ఇక లాకరు. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు. మనిషి ఆస్తంతా ఆ సంచిలోనే ఉంటుంది కాబట్టి సంచి మొత్తం పట్టే లాకరు కావాలి. చెప్పులూ ఫోనూ పెట్టే చిన్న అరలు పనికిరావు. తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉండాలి, రెండోది ఆఫీసులో. పగలు కూడా సామాను అందులోనే ఉంచుకోనివ్వండి. భుజాన మూట వేసుకుని వెళ్ళినవాళ్ళకి పని ఇచ్చేవాళ్ళు తక్కువ. మంచం పక్కనే ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఉంటే మంచిది. పని కబురు వచ్చేది ఆ ఫోనుకే.

3. తలుపు దగ్గర పది నిమిషాలు

మనిషి వచ్చాక జరిగే మొదటి పని రిజిస్టర్ తెరవడం కాకూడదు. కూర్చోబెట్టండి, నీళ్ళివ్వండి. "ఏయ్", "నువ్వు" అనే పిలుపులు తలుపు దగ్గరే ఆగిపోవాలి. ఎవరైనా, ఏ స్థితిలో ఉన్నా, "మీరు" అనే పిలవాలి. డ్యూటీలో చేరే ప్రతి కొత్త మనిషికీ ఇది మొదటి రోజే చెప్పాలి.

అడగాల్సినవి కొన్నే. ఏ పేరుతో పిలవమంటారు? రోజూ వేసుకునే మందులున్నాయా? ఫిట్స్ వస్తాయా? ఏదైనా పడదా? దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉంది? మెట్లెక్కగలరా? మీకేమైనా అయితే ఎవరికి చెప్పమంటారు, లేక ఎవరికీ వద్దా? ఇంతే. ఇల్లెందుకు పోయింది, పిల్లలెక్కడ, ఎందుకు తాగుతారు, ఇవి మొదటి రాత్రి ప్రశ్నలు కావు. గుర్తింపు కార్డు లేదని ఎవరినీ తిప్పి పంపొద్దు. కాగితాలు పోవడం రోడ్డు మీద బతుకులో భాగం. కార్డు లేదని వెనక్కి పంపితే, ఎవరి కోసం ఈ షెల్టర్ పెట్టారో వాళ్ళనే పంపేసినట్టు.

ఏ రాత్రి ఎవరు ఏ మంచం మీద పడుకున్నారో మాత్రం తప్పకుండా రాయండి. ఎవరికైనా టీబీ అని తేలితే పక్క మంచాలవాళ్ళని వెతికి పరీక్ష చేయించడానికి ఈ ఒక్క కాగితమే ఆధారం.

సంచి వెతకాల్సి వస్తే మీ చెయ్యి లోపల పెట్టకండి, సూదులుండొచ్చు. వాళ్ళనే తెరిచి చూపించమనండి. కత్తిలాంటిది ఉంటే చీటీ కట్టి ఆఫీసు లాకర్లో పెట్టి, పొద్దున తిరిగివ్వండి. వాడిన సూదులకి గుచ్చుకోని గట్టి డబ్బా ఒకటి మరుగుదొడ్డి దగ్గర పెట్టండి. అది సూదులు వాడమని చెప్పడం కాదు. ఊడ్చే మనిషి చేతిలో సూది దిగకుండా కాపాడడం.

"ఫలానావాళ్ళు మీ దగ్గరున్నారా" అని ఫోన్ వస్తుంది. అడిగింది అన్నయ్య అయినా, భర్త అయినా, స్నేహితుడైనా జవాబు ఒక్కటే: "ఎవరున్నారో మేం చెప్పం. మీ కబురు రాసుకుంటాం, ఉంటే అందజేస్తాం." కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన మనిషి ఆ గదిలో ఉండొచ్చు. ఒక్కసారి "ఆఁ, ఉందండీ" అని నోరు జారితే దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు.

4. తాగి వచ్చినవాళ్ళ సంగతి

"తాగితే లోపలికి రానివ్వం" అనే నియమం చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకి మతి భ్రమించి లేనివి కనబడడం, జ్వరం, గుండెదడ వస్తాయి. ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. అందుకని నోటి వాసనని బట్టి కాదు, నడవడికను బట్టి నియమం పెట్టండి. ఎవరినీ కొట్టకుండా, బెదిరించకుండా పడుకునేవాళ్ళు తాగి వచ్చినా లోపలికే. సీసా మాత్రం చీటీ కట్టి ఆఫీసులో. వణుకు, చెమట మొదలైనవాళ్ళని "రేపు చూద్దాం" అనకుండా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

తూలుతూ మాట ముద్దగా వస్తున్న ప్రతివాళ్ళూ తాగి ఉన్నారనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. షుగరు పడిపోయినా అలాగే ఉంటారు. తలకి దెబ్బ తగిలినా అంతే. ఒళ్ళు చల్లబడిపోయినా అంతే. తాగినవాళ్ళకే ఈ మూడూ జరిగే అవకాశం ఎక్కువ కాబట్టి వాసన వచ్చినా పరీక్ష మానొద్దు. తల తడిమి వాపు, రక్తం చూడండి. రెండు కంటిపాపలూ ఒకే పరిమాణంలో ఉన్నాయా చూడండి. గ్లూకోమీటరుతో షుగరు చూడండి. పొట్ట మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందేమో చూడండి. వాంతులు ఆగకపోయినా, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పినా, లేపితే లేవకపోయినా వెంటనే అంబులెన్స్.

నల్లమందు జాతి మత్తు ఎక్కువైనవాళ్ళని మూడు గుర్తులు పట్టిస్తాయి: సూదిమొనంత కంటిపాపలు, నెమ్మదించిన ఊపిరి, నీలిరంగు పెదవులు. ఆ మత్తుని విరిచే నాలోక్సోన్ అనే ముక్కు స్ప్రే దొరికేచోట ప్రతి డ్యూటీలో అందుబాటులో ఉంచుకోండి. ఒక మోతాదు ఇచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేసి, నోటితో ఊపిరి ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే ఇంకో మోతాదు. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. లేచి కూర్చుని "బాగానే ఉన్నా" అన్నా వదిలేయొద్దు. స్ప్రే ప్రభావం తగ్గాక మళ్ళీ ఊపిరి ఆగొచ్చు.

5. రాత్రి కాపలా

ఇద్దరు, మెలకువగా, ప్రతి రాత్రి. ఒక్కరితో నడిపితే ఒకరికి ఫిట్స్ వచ్చినప్పుడు తలుపు దగ్గర ఎవరూ ఉండరు. ఆడవాళ్ళ వైపు డ్యూటీ ఆడవాళ్ళదే.

గంటకోసారి హాలంతా తిరగండి. మత్తులో ఉన్నవాళ్ళని మీ బల్లకి దగ్గరి మంచంలో, పక్కకి తిప్పి పడుకోబెట్టి, అరగంటకోసారి చూడండి. గుర్రు ఆగిందని ఊరట పడకండి. గొంతులో గరగర శబ్దంతో వచ్చే లోతు గుర్రు, ఆ తర్వాత నిశ్శబ్దం, ఇది ఊపిరి అడ్డుపడుతున్న గుర్తు. దీపం పూర్తిగా ఆర్పొద్దు. మంచం ఎత్తుకన్నా కింద సన్న వెలుగు ఉంటే చాలు.

నిద్రపోతున్న మనిషిని ముట్టుకుని లేపొద్దు. రోడ్డు మీద రాత్రిపూట ముట్టుకునేవాడు దొంగో, కొట్టేవాడో. పిడికిలి ముందు లేస్తుంది, కళ్ళు తర్వాత తెరుచుకుంటాయి. కాళ్ళ వైపు నిలబడి, దూరం నుంచి, పేరు పెట్టి పిలవండి. వినకపోతే మంచం కమ్మీ తట్టండి.

గొడవ మొదలైతే ఇద్దరి మధ్యలోకి దూరకండి. చుట్టూ ఉన్నవాళ్ళని పంపేయండి, చూసేవాళ్ళు లేకపోతే సగం వేడి చల్లారుతుంది. కొట్టినవాళ్ళని కొంతకాలం రావొద్దనాల్సి వస్తే ఎన్ని రోజులో, ఎందుకో కాగితం మీద రాసివ్వండి. ఆ నిర్ణయం తప్పని వాళ్ళు చెప్పుకోవడానికి ఆ రాత్రి డ్యూటీలో లేని ఇంకో మనిషి ఉండాలి. ప్రాణం తీసే చలి, ఎండ, వాన ఉన్న రోజున ఎవరినీ బయటికి పంపొద్దు. విడి గది ఉంది కదా.

6. నల్లి, పేను, గజ్జి, దగ్గు

ఈ నాలుగూ వేరు వేరు. నాలుగింటికీ ఒకే మందు చల్లి ఊరుకునే షెల్టర్లలో నాలుగూ ఉంటాయి.

నల్లులు మనిషి ఒంటి మీద కాపురం ఉండవు, మంచం సందుల్లో ఉంటాయి. రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి, అందుకే వారం రోజులు గది మూసేసినా పోవు. మామూలు స్ప్రేలకి చాలా చోట్ల అలవాటు పడిపోయాయి. వాటికి లొంగేది వేడి. బట్టలు, దుప్పట్లు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు తిప్పండి. చెక్క మంచాలు వద్దు, అతుకులు తక్కువ ఉన్న ఇనుప మంచాలు వాడండి. పరుపుకి జిప్పున్న ప్లాస్టిక్ తొడుగు వేయండి. దుప్పటి తెల్లదైతే నల్ల మరకలు వెంటనే కనబడతాయి. మంచాన్ని గోడకి ఒక జానెడు ఎడంగా జరిపి, దుప్పటి నేలకి తగలకుండా చూడండి. మంచం కోళ్ళ కింద నున్నటి గిన్నెలు పెడితే నల్లులు అందులో పడి ఎక్కలేవు. పడ్డవాటిని లెక్కపెడితే ఏ మూల నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. వచ్చినవాళ్ళ సంచుల్ని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించండి. ఇది అందరికీ ఒకేలా చేయాలి. మురికిగా కనబడినవాళ్ళకే చేస్తే అది అవమానం. పైగా నల్లి శుభ్రమైన సంచిలో కూడా వస్తుంది.

ఒంటి పేలు బట్టల కుట్లలో ఉంటాయి. తలపేలు వేరు, ఇవి వేరు. మనిషికి స్నానం, ఉతికిన బట్టలు ఇస్తే చాలావరకు పోతాయి. పాత బట్టలు 54 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో ఉతికి వేడి మీద ఆరబెట్టాలి. ఉతకలేనివి గాలి చొరబడని సంచిలో రెండు వారాలు కట్టిపెట్టండి. మనిషి రక్తం దొరక్కపోతే పేలు వారం రోజులు కూడా బతకవు, రెండో వారం గుడ్ల కోసం. ఇవి ట్రెంచ్ ఫీవర్ లాంటి జ్వరాలు మోస్తాయి. పేలున్న మనిషికి జ్వరం ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

గజ్జి పురుగు చర్మంలోపలే ఉంటుంది. వేళ్ళ సందులు, మణికట్టు, నడుము దగ్గర దురద, రాత్రి ఎక్కువ. డాక్టరు సాధారణంగా రాసేది 5 శాతం పర్‌మెత్రిన్ క్రీము. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారానికి మళ్ళీ రాయాలి. వైద్యం ఇక్కడ రెండు విధాల పాడవుతుంది. ఒకటి, దురద ఉన్నవాళ్ళకే ఇవ్వడం. దగ్గరగా మసిలినవాళ్ళందరికీ అదే రోజు ఇవ్వకపోతే గజ్జి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. రెండోది, పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ రాసుకుంటే చర్మం పాడవుతుంది. ఈ మాట మందిచ్చేటప్పుడే చెప్పండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం, ఇందులో ఏది ఉన్నా కఫం పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా విడి గదిలో, కిటికీ తెరిచి, మాస్కుతో ఉంచాలి. బయటికి పంపడం పరిష్కారం కాదు. చోటు పోతుందని తెలిస్తే తర్వాతివాళ్ళు దగ్గు దాచుకుంటారు, అప్పుడు హాలంతటికీ అంటుతుంది.

7. చలి, ఎండ, పాదాలు

ఒంటి వేడి 35 డిగ్రీలకన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టు. వణుకు ఉన్నంతసేపు శరీరం పోరాడుతోంది. వణుకు ఆగిపోయి, మాట తడబడి, ఒక్కోసారి ఉడుకుతోందని బట్టలు విప్పేసుకుంటున్నారంటే చివరి దశకి దగ్గరలో ఉన్నట్టే. తడి బట్టలు తీసి పొడి దుప్పట్లు కప్పి, మెల్లగా, కుదుపులు లేకుండా ఆసుపత్రికి చేర్చండి. సారా ఇస్తే వేడి పుడుతుందన్నది అబద్ధం. చర్మంలోకి రక్తం చేరి లోపలి వేడి ఇంకా వేగంగా పోతుంది.

ఎండలో మతి తప్పి, ఒంటి వేడి 40 దాటితే వడదెబ్బ. నీళ్ళు పోస్తూ విసరండి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. గది గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాను పనికిరాదు, ఒంటిని తడపకుండా తిప్పితే వేడి గాలినే మీదికి కొడుతుంది.

పాదాల గురించి ఎవరూ అడగరు. వచ్చినవాళ్ళందరికీ కాళ్ళు కడుక్కునే తొట్టి, పొడి తువ్వాలు, పొడి సాక్సు ఇవ్వండి. రోజంతా తడి బూట్లలో ఉన్న కాలు తెల్లబారి, ముడతలు పడి, తిమ్మిరెక్కుతుంది. రుద్దకండి. ఆరబెట్టి, కాస్త ఎత్తులో పెట్టండి. షుగరున్నవాళ్ళ కాళ్ళు వాళ్ళకి నొప్పి తెలియదు కాబట్టి మీరే చూడాలి. అరికాలి పుండు ఒకటి వారం ఆలస్యమైతే కాలు తీసేదాకా పోతుంది.

భోజనం మెత్తగా ఉండాలి, చాలామందికి పళ్ళుండవు. అయిదు రోజులకన్నా ఎక్కువ దాదాపు ఏమీ తినకుండా వచ్చినవాళ్ళకి జాలితో కడుపు నిండా పెట్టకండి. రక్తంలో లవణాలు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగొచ్చు. కొంచెం కొంచెంగా పెడుతూ డాక్టరుకి చూపించండి.

8. పొద్దున్నే గెంటేయకుండా

ఆరింటికల్లా అందరూ ఖాళీ చేయాలనే షెల్టర్‌లో నైట్ షిఫ్ట్ పనివాళ్ళు ఉండలేరు. జ్వరమొచ్చినవాళ్ళు ఉండలేరు. పగలంతా కూర్చునే చోటు కోసం తిరగడంలోనే అందరి ఓపికా అయిపోతుంది. మొత్తం హాలు తెరిచి ఉంచలేకపోతే అయిదారు మంచాలైనా పగలు ఉంచండి.

పగటి మొదటి పని కాగితాలు. గుర్తింపు కార్డు లేనిదే బ్యాంకు ఖాతా లేదు, ఖాతా లేనిదే పింఛను లేదు, చిరునామా లేనిదే కార్డే లేదు. ఈ ముడి షెల్టర్ చిరునామాతోనే విప్పాలి. మీ చిరునామాని ఉత్తరాలకి వాడుకోనివ్వండి. ఫలానావారు ఇక్కడ ఉంటున్నారని లెటర్‌హెడ్ మీద, తేదీ, ముద్రతో రాసివ్వండి. వచ్చిన ఉత్తరాలకి పేరువారీ అరలు పెట్టండి. దొరికిన ప్రతి కాగితాన్నీ, వాళ్ళు సరే అంటేనే, స్కాన్ చేసి దాచండి. దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పి పంపేస్తే పని జరగదు. మొదటిసారి ఎవరో ఒకరు తోడు వెళ్ళాలి. కౌంటరు దగ్గర ఒకసారి కసిరించుకున్న మనిషి రెండోసారి వెళ్ళరు.

9. ఇల్లు దొరికాక

తాగుడు మానాక, పని దొరికాక, మనసు కుదుటపడ్డాకే ఇల్లు అనే మెట్ల పద్ధతి చాలాకాలం నడిచింది. ఎక్కువమంది మెట్ల మధ్యలోనే జారిపోయారు. 1992లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త శామ్ త్సెంబెరిస్ మొదలుపెట్టిన పాత్‌వేస్ టు హౌసింగ్ అనే సంస్థ దీన్ని తిరగేసింది: ముందు ఇల్లు, తర్వాత వాళ్ళు కోరుకున్నంత సాయం. ఫిన్లాండ్ 2008 నుంచి ఇదే దారిలో షెల్టర్లనే అద్దె ఫ్లాట్లుగా మార్చింది. కెనడా 2009 నుంచి 2013 వరకు అయిదు నగరాల్లో, రెండు వేలమందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించి చూసింది. మామూలు సేవలు పొందినవాళ్ళకన్నా ముందే ఇల్లు పొందినవాళ్ళే ఎక్కువ కాలం ఇంట్లో నిలిచారు. మీ చేతిలో ఫ్లాట్లు లేకపోవచ్చు. కానీ ఎవరికైనా గది దొరికే వీలుంటే "ఇంకా సిద్ధంగా లేరు" అని ఆపకండి.

గదిలోకి చేరిన మొదటి వారాలే గడ్డుకాలం. ముప్పై మంది గుర్రు మధ్య పడుకోవడం అలవాటైనవాళ్ళకి ఒంటరి గది నిశ్శబ్దం భరించరానిదిగా ఉంటుంది. కొందరు నేల మీద పడుకుంటారు, కొందరు తిరిగి రోడ్డు మీదికే వెళ్ళిపోతారు. దానికి కృతఘ్నత అని పేరు పెట్టకండి. ఈ దశ కోసమే న్యూయార్క్ షెల్టర్లలో పుట్టిన క్రిటికల్ టైమ్ ఇంటర్వెన్షన్ అనే పద్ధతి తొమ్మిది నెలలు, మూడు దశలుగా నడుస్తుంది. మొదటి మూడు నెలలు తరచూ ఇంటికే వెళ్ళి కలుస్తారు. తర్వాతి మూడు నెలలు దగ్గరి క్లినిక్కు, ఇంటి యజమాని, చుట్టాలు, వీళ్ళతో పనులు వాళ్ళే చక్కబెట్టుకుంటుంటే పక్కన నిలబడతారు. చివరి మూడు నెలలు మెల్లగా తప్పుకుంటారు. మీరూ ఈ లెక్కే పెట్టుకోండి. వెళ్ళే రోజున మంచం, పరుపు, గిన్నె, బల్బు, తాళంకప్ప గదిలో ముందే ఉండాలి. అద్దె కట్టాల్సిన తేదీకి వారం ముందు ఫోన్ చేయండి. సాయంత్రాలు షెల్టర్‌కి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళే వీలుంచండి.

10. రాకపోతే

రోజూ వచ్చే మనిషి ఒక రాత్రి రాలేదు. మంచం రాత్రి 11 వరకు ఉంచి ఆ తర్వాతే ఇంకొకరికి ఇవ్వండి. పొద్దునకల్లా ఆసుపత్రుల క్యాజువాలిటీకి ఫోన్ చేయండి, వాళ్ళు మామూలుగా కూర్చునే చోటికి ఒకరు వెళ్ళి చూడండి. ఒంటరిగా బతికే మనిషి కోసం వెతికేవాళ్ళు ఇంకెవరూ ఉండకపోవచ్చు. లాకరు కనీసం 30 రోజులు తెరవొద్దు. తెరవాల్సి వస్తే ఇద్దరుండి, ఉన్నవన్నీ రాసి, సంతకాలు పెట్టండి. బట్టలు ఉతికి వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. ఫోటోలు, ఉత్తరాలు, కాగితాలు మాత్రం ఒక కవరులో వేసి, పైన పేరు, తేదీ రాసి దాచండి. రెండేళ్ళ తర్వాత వచ్చి అడిగినా తీసివ్వగలిగేలా ఉండాలి.